వర్డ్‌లో అక్షరం కింద చుక్క, పైన గీత ఎలా కొట్టాలి? థీసిస్ నెత్తి మీద ఉంది

అవుట్‌గేట్ డీటీపీ:

నమస్తే అండీ. విశాఖలో ఏయూ అవుట్ గేట్ దగ్గర మాకు చిన్న జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. జిరాక్సు మా ఆయన చూసుకుంటారు, టైపింగ్ నాది. ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్లి కార్డులు, కోర్టు కాగితాలు ఏవి ఇచ్చినా గంటలో చేతిలో పెడతాను. ఇప్పుడొచ్చిన పని మాత్రం ముందుకు కదలడం లేదు.

హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి థీసిస్ ఇచ్చింది. మన చుట్టుపక్కల బౌద్ధ క్షేత్రాల మీద. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, అన్నీ ఉన్నాయి. థీసిస్ ఇంగ్లీషులోనే. కాకపోతే ఊళ్ల పేర్లు, సంస్కృతం మాటలు, పాళీ మాటలు మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కుదరదట. విహారం అంటే 'హెచ్' పక్కన వచ్చే 'ఏ' మీద అడ్డగీత ఉండాలి. తొట్లకొండలో 'టి' కింద చుక్క, 'ఎన్' కింద చుక్క, 'డి' కింద చుక్క. శాసనం అంటే మొదటి 'ఎస్' మీద ఏటవాలు గీత. వాళ్ల గైడ్ గారు ప్రింటవుట్ మీద ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటీ పెట్టి పంపారు. పేజీకి ఆటలమ్మ పోసినట్టుంది.

నాకు తెలిసిన దారి ఇన్సర్ట్‌లోకి వెళ్లి సింబల్, అక్కడ మోర్ సింబల్స్, ఆ గళ్లలో వెతుక్కోవడం. దొరుకుతాయి, కాదనను. కానీ ఒక్క 'కొండ' కొట్టడానికి రెండుసార్లు ఆ డబ్బా తెరవాలి. ఈ థీసిస్‌లో ఎన్ని కొండలున్నాయో మీరే ఊహించుకోండి. కంట్రోల్ నొక్కి ఏదో కొడితే ఫ్రెంచి అక్షరాలు వస్తాయని ఎవరో చెప్పారు. 'ఈ' మీద గీత వచ్చింది గానీ చుక్కలు రాలేదు.

ఇంకో గొడవ ఏమిటంటే, మొదటి రెండు చాప్టర్లు ఆ అమ్మాయి ఎప్పుడో వేరేచోట టైప్ చేయించుకుంది. ఆ ఫైలు నా సిస్టంలో తెరిస్తే చుక్కలూ గీతలూ ఉండాల్సిన చోట ఏవేవో పిచ్చి అక్షరాలు కనబడుతున్నాయి. అవి మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందేనా? నాకు విండోస్, వర్డ్ ఉన్నాయి. ఒకటి డెస్క్‌టాప్, ఒకటి చిన్న ల్యాప్‌టాప్. తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

బీచ్‌రోడ్ వాకర్:

ఇంత టెన్షన్ ఎందుకండీ? కావాల్సిన అక్షరాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని కాపీ, పేస్ట్ చేసుకోండి. అయిపోయె.

అవుట్‌గేట్ డీటీపీ:

అదే చేస్తున్నాను సార్. అందుకే పని నడవడం లేదు. పైగా పేస్ట్ చేసిన ప్రతిసారీ ఫాంటు, సైజు కూడా దాంతోపాటే వచ్చేస్తున్నాయి.

పోర్టు గుమస్తా:

అక్కా, నాది ఓడల ఏజెన్సీ ఆఫీసులో ఉద్యోగం. ఓడ వచ్చిందంటే సిబ్బంది జాబితా టైప్ చేయాలి. నార్వే వాళ్లుంటారు, జర్మనీ వాళ్లుంటారు, ఫిలిప్పీన్స్ వాళ్లకి స్పానిష్ పేర్లుంటాయి. నాకు చుక్కల సంగతి తెలీదు గానీ యూరప్ అక్షరాల వరకు చెప్పగలను.

వర్డ్‌లో కంట్రోల్ పట్టుకుని ఒక గుర్తు నొక్కి, రెండూ వదిలేసి, అప్పుడు అక్షరం కొట్టాలి. చాలామంది వదలకుండా అన్నీ కలిపి నొక్కేస్తారు, అందుకే రాదు. కంట్రోల్‌తో సింగిల్ కోట్ నొక్కి 'ఈ' కొడితే దాని మీద కుడివైపు వాలు గీత. కంట్రోల్, షిఫ్ట్, కోలన్ నొక్కి 'యూ' కొడితే జర్మన్ పేర్లలో ఉండే రెండు చుక్కలు. కంట్రోల్, షిఫ్ట్, టిల్డ్ (ఒకటి అంకెకి ఎడమ పక్క కీ) నొక్కి 'ఎన్' కొడితే స్పానిష్ పేర్లలోని అల. కంట్రోల్‌తో ముందుకు వాలిన స్లాష్ నొక్కి 'ఓ' కొడితే నార్వే వాళ్ల అడ్డగీత 'ఓ'. మీ శాసనానికి కూడా మొదటిది పనికొస్తుందేమో చూడండి.

డెస్క్‌టాప్‌కి కుడివైపు నంబర్ ప్యాడ్ ఉంటే ఆల్ట్ పట్టుకుని 0233 కొట్టినా వాలు గీత 'ఈ' వస్తుంది. 0241కి అల 'ఎన్', 0252కి చుక్కల 'యూ', 0248కి నార్వే 'ఓ'. నమ్ లాక్ వేసుండాలి. పైవరసలో ఉండే అంకెలతో రాదు, అందుకే చిన్న ల్యాప్‌టాప్‌లో ఈ విద్య పనిచేయదు.

ఇంకో మాట, మీకు అవసరం లేకపోయినా చెప్తాను. పాస్‌పోర్టు అడుగున మిషన్ చదివే రెండు వరసలుంటాయి కదా, అందులో ఈ గుర్తులేవీ ఉండవు. చుక్కల 'యూ' బదులు 'యూ', 'ఈ' రెండూ పక్కపక్కన, అడ్డగీత 'ఓ' బదులు 'ఓ', 'ఈ' వేస్తారు. జాబితాలో ఒకచోట అలా, ఇంకోచోట ఇలా పడితే గేటు దగ్గర మనిషిని ఆపేస్తారు. అందుకని మేం కింది వరసల్లో ఉన్నట్టే కొట్టి, అసలు పేరు పక్కన వేస్తాం.

ప్రూఫు తాత, ఎంవీపీ కాలనీ:

అమ్మా, పోర్టు అబ్బాయి చెప్పింది నిజమే గానీ వర్డ్‌లో పుట్టుకతో వచ్చే ఆ కంట్రోల్ కీలన్నీ యూరప్ భాషలకి చేసినవి. దీర్ఘం గీతకీ, కింది చుక్కకీ వాటిలో చోటు లేదు. శాసనంలోని 'ఎస్' సంగతి కూడా చూసుకోవాలి. నీ వర్డ్‌లో కంట్రోల్ కోట్‌కి అది లొంగకపోతే ఈ కింది పద్ధతే దానికీ పనిచేస్తుంది.

వర్డ్‌లో ప్రతి అక్షరానికీ ఉన్న యూనికోడ్ నంబరు (కంప్యూటర్లన్నీ ఆ అక్షరాన్ని ఒకేలా గుర్తుపట్టే నంబరు) కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని 'ఎక్స్' నొక్కితే ఆ నంబరు అక్షరంగా మారిపోతుంది. 0101 కొట్టి ఆల్ట్ ఎక్స్ అంటే పైగీత 'ఏ'. 0113 అంటే పైగీత 'ఈ'. పైవరస అంకెలతోనే వస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా చేసుకోవచ్చు. ఇంకా సులువు, ముందు అక్షరం కొట్టి దాని పక్కన గుర్తు నంబరు కొట్టడం. 0323 కింది చుక్క, 0304 పైగీత, 0301 వాలు గీత. 'టి' కొట్టి, 0323 కొట్టి, ఆల్ట్ ఎక్స్. చుక్క వచ్చి 'టి' కింద కూర్చుంటుంది.

దీర్ఘాలకైతే ఇంతకన్నా మంచి దారి ఉంది. విండోస్ సెట్టింగుల్లో భాష దగ్గరికి వెళ్లి ఇంగ్లీష్ ఇండియా కీబోర్డు కలుపుకో. విండోస్ కీ, స్పేస్ బార్ నొక్కి ఆ కీబోర్డులోకి మారి, కుడి చేతి ఆల్ట్ పట్టుకుని 'ఏ' కొడితే గీత 'ఏ' నేరుగా వస్తుంది. కుడి ఆల్ట్‌తో నాలుగు అంకె నొక్కితే రూపాయి గుర్తు ₹ కూడా అక్కడే. మిగతా కీల్లో ఏమున్నాయో చూడాలంటే ఆన్ స్క్రీన్ కీబోర్డు తెరిచి కుడి ఆల్ట్ నొక్కు, బొమ్మలో అన్నీ కనబడతాయి.

అవుట్‌గేట్ డీటీపీ:

తాతగారూ, దండాలు! తొట్లకొండలో 'టి' వచ్చింది, 'ఎన్' వచ్చింది. 'డి' దగ్గరికి వచ్చేసరికి చుక్క రాకపోగా 'డి' కూడా మాయమై ఖాళీ డబ్బా పడుతోంది. ఏటండీ ఇది?

ప్రూఫు తాత, ఎంవీపీ కాలనీ:

ఆ నంబర్లు పదహారు ఆధారంగా లెక్కపెట్టేవి. అందులో 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా అక్షరాలు కూడా అంకెలే. నువ్వు 'డి' పక్కన 0323 కొడితే వర్డ్ ఆ 'డి'ని కూడా నంబరులో కలిపేసుకుని, ఎక్కడో అక్షరమే లేని చోటికి వెళ్లింది. 'టి', 'ఎన్', 'ఎస్', 'ఎల్'లకి ఈ బాధ లేదు. 'డి' వచ్చినప్పుడు 0323 ఒక్కదాన్నే మౌస్‌తో సెలెక్ట్ చేసి అప్పుడు ఆల్ట్ ఎక్స్ నొక్కు.

అయితే థీసిస్ మొత్తం ఇలా చేయకు. అక్షరం వేరు, చుక్క వేరుగా పెట్టిన 'టి' ఒకటి. చుక్కతో కలిపి ఒకే అక్షరంగా యూనికోడ్‌లో ఉన్న 'టి' ఇంకొకటి. దాని నంబరు ఒకటి, ఈ, ఆరు, డీ. కంటికి రెండూ ఒకటే. వర్డ్‌లో ఫైండ్ కొడితే మాత్రం ఒకటి వెతికినప్పుడు ఇంకొకటి తగలదు. ఆఖర్న ఇండెక్సు తయారుచేసేటప్పుడు తొట్లకొండ రెండు చోట్ల పడి, ఎందుకు పడిందో ఎవరికీ అర్థం కాదు. నా కళ్లతో చూసిన సంగతే. అందుకని ఒకే అక్షరంగా ఉన్నవాటినే వాడు.

వాటిని వేగంగా కొట్టాలంటే, నువ్వు చెప్పిన మోర్ సింబల్స్ డబ్బాలోనే కింద షార్ట్‌కట్ కీ అని ఒక బటన్ ఉంటుంది. చుక్క 'టి' మీద క్లిక్ చేసి, ఆ బటన్ నొక్కి, ఆల్ట్ ఫుల్‌స్టాప్ నొక్కి వదిలి 'టి' కొట్టు. అసైన్ నొక్కు. ఇక ఎప్పుడైనా ఆల్ట్ ఫుల్‌స్టాప్, టి అంటే అదే వస్తుంది. ఇలాగే డి, ఎన్, ఎస్, ఎల్ ఒక్కసారి పెట్టుకుంటే చాలు. గళ్లలో వెతుక్కోకుండా పైన సబ్‌సెట్‌లో లాటిన్ ఎక్స్‌టెండెడ్ అడిషనల్ ఎంచుకో, చుక్క అక్షరాలు అక్కడుంటాయి. ఇవి ఆ కంప్యూటర్ నార్మల్ టెంప్లేట్‌లో దాచుకుంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో మళ్లీ విడిగా పెట్టుకోవాలి.

పదేపదే వచ్చే ఊళ్ల పేర్లకి ఆటోకరెక్ట్ వాడు. 'టీకేఎక్స్' అని కొట్టి స్పేస్ నొక్కగానే తొట్లకొండ చుక్కలతో సహా రావాలి. మామూలు స్పెల్లింగు మాత్రం ఆటోకరెక్ట్‌లో పెట్టకు. పాత రిపోర్టుల పేర్లలో ఆ ఊరు చుక్కల్లేకుండా అచ్చయి ఉంటుంది, గ్రంథసూచిలో దాన్ని అలాగే ఉంచాలి.

కీబోర్డు ముట్టుకునే ముందు ఆ అమ్మాయిని ఒకటి అడుగు. ఏ పద్ధతి? సంస్కృతానికి పండితులు వాడే పద్ధతిలో 'ఈ', 'ఓ'లకి గీత పెట్టరు, ఎందుకంటే సంస్కృతంలో అవి ఎప్పుడూ దీర్ఘాలే. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. తొట్లకొండలో తొ, కొ రెండూ పొట్టివే. మన లిపుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి 2001లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి ఐఎస్‌ఓ 15919లో ఏ, ఓలకి గీత ఉంటుంది, సున్నాకి 'ఎం' పైన చుక్క. అవతలి పద్ధతిలో సున్నాకి చాలాచోట్ల 'ఎం' కింద చుక్క. కొండలో సున్నాని 'ఎన్' కింద చుక్కగా రాయాలా, 'ఎం' మీద చుక్కగా ఉంచాలా అన్నది కూడా వాళ్లే తేల్చాలి. గైడ్ గారి ఎర్ర పెన్ను ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా ఉంటే తప్పు నీ మీదికి వస్తుంది. తేల్చిన జాబితా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకో.

అవుట్‌గేట్ డీటీపీ:

సరిగ్గా అదే అయింది తాతగారూ! విశాఖపట్నంలో 'టి' కింద చుక్క సరే, పక్కన 'ఎన్' కింద కూడా ఒకచోట చుక్క ఉంది, ఇంకోచోట లేదు. మనం రాసేది పట్నం, అందులో న మామూలు నే కదా అని ఆ అమ్మాయిని అడిగితే గైడ్ గారికి ఫోన్ చేసింది. చుక్క తీసేయమన్నారు. జాబితా రాసి ఇస్తామన్నారు.

మరి ఆ పాత చాప్టర్ల సంగతి?

సీతమ్మధార ఫాంట్లు:

ఆ పని నాకు అలవాటు మేడం. యూనికోడ్ వాడకం పెరగకముందు ఈ గుర్తుల కోసం ప్రత్యేకంగా ఫాంట్లు చేసుకునేవారు. ఫ్రెంచి గీత అక్షరం ఉండాల్సిన గదిలో గీత 'ఏ' బొమ్మ పెట్టేసేవారు. ఆ ఫాంటు ఉన్న సిస్టంలో బాగానే కనబడుతుంది, లేని చోట అసలు రూపం బయటపడుతుంది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్లు లేని సిస్టంలో ఎలా కనబడుతుందో మీకు చెప్పక్కర్లేదు కదా, ఇదీ అలాంటిదే.

మళ్లీ కొట్టొద్దు. ముందు ఫైలుకి కాపీ తీసుకోండి. పిచ్చి అక్షరం కుడి పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కితే దాని నంబరు చూపిస్తుంది, మళ్లీ నొక్కితే మామూలైపోతుంది. ఏ పిచ్చి అక్షరం ఏ అసలు అక్షరమో గైడ్ గారి ప్రింటు చూసి పట్టిక రాసుకోండి. తర్వాత ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పిచ్చి అక్షరం పెట్టి, మోర్ నొక్కి, ఫార్మాట్‌లో ఫాంట్ దగ్గర ఆ పాత ఫాంటు పేరు ఇవ్వండి. అప్పుడు ఆ ఫాంటులో ఉన్నవే మారతాయి, నిజంగా ఫ్రెంచి అక్షరం ఉన్న పుస్తకాల పేర్లు చెడిపోవు. రీప్లేస్ వైపు అసలు అక్షరం పెట్టి, ఫాంటు టైమ్స్ న్యూ రోమన్ ఇవ్వండి. మ్యాచ్ కేస్ టిక్ తప్పకుండా పెట్టండి. ఆ ఫాంట్లలో గీత ఉన్న చిన్న 'ఈ' ఒకదానికీ, గీత ఉన్న పెద్ద 'ఈ' వేరేదానికీ వాడి ఉండొచ్చు. టిక్ లేకపోతే రెండూ కలిసిపోతాయి, తర్వాత విడదీయలేరు.

మద్దిలపాలెం మ్యాక్:

మ్యాక్ ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే: ఏబీసీ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు పెట్టుకుంటే ఆప్షన్, 'ఏ' నొక్కి తర్వాత అక్షరం కొడితే పైగీత. ఆప్షన్, 'ఎక్స్' నొక్కి అక్షరం కొడితే కింది చుక్క. విండోస్‌లో వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లకి కూడా ఆల్ట్ ఎక్స్ పనిచేస్తుంది.

అవుట్‌గేట్ డీటీపీ:

ఆల్ట్ ఫుల్‌స్టాప్ పెట్టుకున్నాక చేయి ఆగడం లేదండీ. పాత చాప్టర్ల పట్టిక సగం అయింది. సీతమ్మధార సార్ చెప్పిన మ్యాచ్ కేస్ మాట నిజమే, ఇందులో పెద్ద అక్షరం గదుల్లో చుక్కలే ఉన్నాయి. ఒక్కటి అడుగుతాను. ప్రింటింగ్, బైండింగ్ వేరే షాపులో. అక్కడ తెరిస్తే డబ్బాలు పడతాయా?

ప్రూఫు తాత, ఎంవీపీ కాలనీ:

వర్డ్ ఫైలు ఇవ్వకు, పీడీఎఫ్ చేసి ఇవ్వు. వర్డ్ ఫైలే కావాలని పట్టుబడితే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లు ఫైల్లోనే పొందుపరిచే చోట టిక్ పెట్టి సేవ్ చెయ్యి. ఏదిచ్చినా ముందు కొండలు ఎక్కువున్న పేజీ ఒకటి ప్రింటు తీయించు. 'డి' కిందా, 'టి' కిందా చుక్క వేరుగా నిలబడిందా, అక్షరానికి అంటుకుపోయిందా అన్నది భూతద్దంతో చూసుకుని అప్పుడు మిగతాది వేయమను.