పోలీసులు అడిగినప్పుడు సమాధానం చెప్పాలా, మౌనంగా ఉండాలా?

ప్రశ్న — అనంతపురం నుంచి

మా చిన్నాయనకు 62 ఏళ్లు. అనంతపురంలో తాడిపత్రి బస్టాండు దగ్గర చిన్న కిరాణా అంగడి నడుపుతున్నారు. కొద్ది రోజుల కిందట రాత్రిపూట అంగడి ముందర ఇద్దరు యువకులు కొట్టుకోగా ఒకరికి తల పగిలింది. చిన్నాయన అప్పటికి అంగడి మూసుకుంటున్నారు. గొడవ కొంత చూశారు, మిగతాది సీసీ కెమెరాలో ఉంది. నిన్న కానిస్టేబులు ఒకరు ఫోన్ చేసి, రేపు ఉదయం స్టేషనుకు రమ్మని మాత్రం చెప్పి పెట్టేశారు. ఎందుకు, ఏ కేసులో అన్నది చెప్పలేదు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆయన కొడుకు అమెరికా న్యాయవాదుల వీడియోలు చూసి, పోలీసులతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదనీ, మాట్లాడితే సాక్షిని కూడా ముద్దాయిని చేస్తారనీ పట్టుబడుతున్నాడు. మా నాన్న మాత్రం పిలిచినప్పుడు వెళ్లి, చూసింది చెప్పి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి రావడమే మర్యాద అంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో నాకు తెలియడం లేదు. సరుకు కోసం మేము తరచుగా 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు దాటి వెళ్తుంటాం. పంచలింగాల దగ్గర బండి ఆపి అడిగే ప్రశ్నలకు కూడా ఇదే నియమం వర్తిస్తుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం — న్యాయవాది, కర్నూలు

మీ తమ్ముడు చెప్పినదీ మీ నాన్నగారు చెప్పినదీ రెండూ మన చట్టానికి సరిపోవు. ముందుగా తేల్చుకోవలసింది, చిన్నాయన గారిని పిలుస్తున్నది సాక్షిగానా, అనుమానితుడిగానా అన్న విషయం. అది తెలిస్తే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

పోలీసు దర్యాప్తు, అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉంది. సాక్షిని పిలిపించాలంటే దర్యాప్తు అధికారి 179వ సెక్షను కింద లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఫోనులో చెప్పిన మాట ఉత్తర్వు కాదు. అదే సెక్షను ప్రకారం 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన పురుషులను, ఏ వయసు స్త్రీలనైనా, వికలాంగులను, తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నవారిని వారు నివసించే చోట తప్ప మరెక్కడికీ రమ్మని బలవంతం చేయకూడదు. పాత చట్టంలో ఈ వయసు 65గా ఉండేది, ఇప్పుడు 60కి తగ్గించారు కనుక మీ చిన్నాయన గారు ఈ రక్షణ కిందికి వస్తారు. ఆయనే ఇష్టపడి వెళ్తానంటే వెళ్లవచ్చు.

ఇక మాట్లాడాలా వద్దా అన్నది. 180వ సెక్షను సాక్షిని నిజం చెప్పవలసిన బాధ్యతలో పెడుతూనే, ఏ ప్రశ్నకు జవాబు చెబితే తన మీదే నేరారోపణ వచ్చే అవకాశం ఉందో ఆ ప్రశ్న నుంచి మినహాయింపు ఇస్తుంది. దీనికి మూలం రాజ్యాంగంలోని 20(3) అధికరణ. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పథి విచారణలో జవాబులు ఇవ్వడానికి నిరాకరించినప్పుడు ఆమె మీద దానికే కేసు పెట్టారు. 1978లో సుప్రీంకోర్టు, న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పులో, ఈ మౌన హక్కు కోర్టు బోనులోనే కాక పోలీసు విచారణ దశలో కూడా ఉంటుందని స్పష్టం చేసింది. 2010లో సెల్వి కేసులో, వ్యక్తి సమ్మతి లేకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టరు వంటివి చేయకూడదని తేల్చింది. అయితే వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వమనడం ఈ హక్కు కిందికి రాదని 1961 నుంచే తీర్పు ఉంది. మౌనం మాటకే వర్తిస్తుంది.

అమెరికాలో 1966 నాటి మిరాండా తీర్పు వల్ల, అదుపులోకి తీసుకున్న వ్యక్తిని ప్రశ్నించే ముందు మౌన హక్కు గురించి పోలీసులే చెప్పాలి. మన దగ్గర విచారణకు ముందు అలా చదివి వినిపించాలన్న నిబంధన సంహితలో లేదు. కాబట్టి ఆ వీడియోలలోని సలహాను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే, చెప్పవలసిన చోట చెప్పకుండా, అడగవలసిన చోట అడగకుండా మిగిలిపోతారు.

రహదారి సంగతి వేరు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించడం మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం తప్పనిసరి; డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. మద్యం తాగారన్న అనుమానానికి కారణం ఉండి శ్వాస పరీక్ష చేస్తామంటే, ఒప్పుకోకపోతే వారంటు లేకుండానే అరెస్టు చేసే వీలుంది. అక్కడ మౌన హక్కు గురించి వాదించడం వల్ల మేలు జరగదు. పేరు, ఊరు, ఎక్కడికి వెళ్తున్నారు అన్నవాటికి క్లుప్తంగా నిజం చెప్పి, బండిలో ఉన్న సరుకు బిల్లు చూపించి సాగిపోవడం మంచిది.

సమాధానం — విశ్రాంత హెడ్ కానిస్టేబులు, కడప

న్యాయవాది గారు చెప్పిన చట్టంతో నాకు పేచీ లేదు. కానీ మౌనం గురించి ఇంతగా చెప్పేటప్పుడు తల పగిలిన ఆ అబ్బాయి గురించి కూడా ఆలోచించాలి. మన సీమలో ఎన్నో కొట్లాట కేసులు కోర్టులో వీగిపోవడానికి నేను చూసిన కారణం, పదిమంది చూస్తుండగా జరిగినా చూశానని చెప్పడానికి ఒక్కరూ ముందుకు రాకపోవడమే. అవతలివాడికి వెనక ఎవరున్నారో, రేపు తమ ఇంటి మీదికి ఎవరు వస్తారో అన్న భయం వారిది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఏ తప్పూ లేని సాక్షికి మాత్రం, పోలీసుతో మాట్లాడవద్దన్న సలహా ఆ భయానికి ఒక కొత్త సాకు మాత్రమే అవుతుంది.

వాంగ్మూలం ఎలా తయారవుతుందో తెలుసుకుంటే చిన్నాయన గారికి ధైర్యం వస్తుంది. ఆయన చెబుతుంటే ఎస్సైగానీ స్టేషను రైటరుగానీ రాసుకుంటారు. పాత చట్టంలోని సెక్షను నంబరుతో, అలవాటుగా దాన్ని అందరూ 161 స్టేట్‌మెంటు అంటారు. దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది, ఆ నియమం ఇప్పుడు 181వ సెక్షనులో ఉంది. రేపు కోర్టులో ఆయన వేరుగా చెబితే ముద్దాయి తరఫు వకీలు ఈ కాగితాన్నే ఎదుట పెట్టి నిలదీస్తారు కనుక, చూసింది చూసినట్టు, వినింది వినినట్టు విడదీసి చెప్పాలి. ఎవరు ముందు కొట్టారో చూడకపోతే చూడలేదనే చెప్పాలి. రాసేవారు తొందరలో ఒక మాట కలిపి రాయడం ఉంది. అందువల్ల రాసినది చదివి వినిపించమని అడగాలి. అలా అడిగినందుకు పని తెలిసిన ఏ అధికారీ కోపగించుకోడు. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, పెట్టకూడదు.

సమాధానం — ఉపాధ్యాయురాలు, కర్నూలు

నాన్నగారి ‘మర్యాద’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. మా బంధువులలో ఒక స్త్రీని పక్కింటి దొంగతనం గురించి అడగాలని సాయంత్రం పిలిపించి చాలాసేపు కూర్చోబెట్టారు. స్త్రీలను ఇంటివద్దనే విచారించాలన్న సంగతి ఆమెకు తెలియదు, వెంట వెళ్లిన మగవారికీ తెలియదు. తెలిసి ఉంటే ఒక్క మాట అడిగి ఉండేవారు. వినయంగా నోటీసు అడగడంలో అమర్యాద ఏమీ లేదని మన పిల్లలకైనా నేర్పాలి.

సాక్షిగా పిలిచి, మాటల మధ్యలో ప్రశ్నలు తన మీదికే తిరుగుతున్నాయని అనిపిస్తే ఏం చేయాలో కూడా న్యాయవాది గారు చెబితే బాగుంటుంది.

సమాధానం — న్యాయవాది, కర్నూలు

అక్కడే ఆగి, తన న్యాయవాదితో మాట్లాడిన తరువాత చెబుతానని మర్యాదగా చెప్పాలి. అబద్ధం మాత్రం చెప్పకూడదు. చెప్పకపోవడానికి రక్షణ ఉంది, అబద్ధానికి లేదు. నిందితుడిగా విచారించదలిస్తే, అరెస్టు అవసరం లేనప్పుడు 35(3) సెక్షను కింద నోటీసు ఇవ్వాలి. మన దగ్గర ఇప్పటికీ 41ఏ నోటీసు అంటున్నది దీన్నే. ఈ నోటీసు అందినప్పుడు తప్పక హాజరు కావాలి. అరెస్టు చేస్తే కారణాలు చెప్పాలి, బంధువులకు తెలియజేయాలి, 24 గంటల లోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ సాగుతున్నంతసేపూ కాకపోయినా, మధ్యలో న్యాయవాదిని కలిసే హక్కు 38వ సెక్షను ఇస్తోంది.

పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు కదా అని కొందరు ధైర్యంగా మాట్లాడేస్తారు. కానీ ఆ మాటల ఆధారంగా కత్తో, డబ్బో దొరికితే, దొరకడానికి కారణమైన అంతమేర మాట సాక్ష్యంగా నిలుస్తుంది. ఫీజు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు, ఫోను 15100. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీ వర్గాలవారికి, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చిన్నాయనకు అన్నీ చదివి వినిపించాను. సాక్షిగా చెప్పడానికి తాను సిద్ధమనీ, వయసు రీత్యా ఇంటివద్ద విచారించమనీ తెల్లకాగితం మీద రాసి, ఒక ప్రతి మీద స్టేషనులో ముద్ర వేయించుకుని వస్తాను. కెమెరా రికార్డు ఉన్న పెట్టెను ఇమ్మంటే ఇచ్చేయాలా?

సమాధానం — విశ్రాంత హెడ్ కానిస్టేబులు, కడప

దర్యాప్తుకు అవసరమని 94వ సెక్షను కింద రాసి ఇస్తే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు కంపెనీ పేరు, సీరియల్ నంబరు రాయించి రసీదు తీసుకోండి. దృశ్యం కోర్టులో చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం 63(4) కింద ధ్రువపత్రం కావాలి. అది వాంగ్మూలం కాదు కనుక, పెట్టె ఎవరి ఆధీనంలో ఉందో వారు చదువుకుని సంతకం పెట్టవచ్చు. ఇలాంటి పెట్టెలు నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కిస్తాయి. అందువల్ల ఉత్తరం రాయడానికి ముందే, ఈ రాత్రికే రికార్డింగు ఆపి, ఆ తేదీ దృశ్యం ఏమీ కత్తిరించకుండా అందులోనే భద్రంగా ఉండేలా చూడండి.