నాన్నకి గజ్జలో హెర్నియా మళ్లీ వచ్చింది: పాత కోత మీదే చేయించాలా, లాప్రోస్కోపీనా?

ప్రశ్న, కూకట్‌పల్లి నుంచి:
నమస్తే. నాన్నకి 66 ఏళ్లు. ఆరేళ్ల కింద కుడి గజ్జలో హెర్నియాకి కోసి, వల లాంటి మెష్ వేశారు. ఇప్పుడు అదే వైపు మళ్లీ ఉబ్బుతోంది, పడుకుంటే లోపలికి పోతోంది. ఒక సర్జన్ చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ అన్నారు, ఇంకొకరు పాత కోత మీదే చేస్తామన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు:
తమ్ముడూ, నేను ఆపరేషన్ థియేటర్‌లో సిస్టర్‌గా చేశాను. ముందు పాత ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్స్ కాపీ తెచ్చుకో. డిశ్చార్జి సమ్మరీ చాలదు, అందులో ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. మెష్ ఏ పొరలో ఉందో తెలిస్తే సగం తేలిపోయినట్టే.

మామూలుగా కోసి వేసే లిచెన్‌స్టైన్ మెష్ కండరం గోడకి ముందువైపు ఉంటుంది. అక్కడ మళ్లీ కోస్తే బీజానికి (వృషణానికి) రక్తం తెచ్చే నాళాలు, నరాలు పాత మచ్చలో అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీయడమే కష్టం. బీజం దెబ్బతినొచ్చు, నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. అందుకే కత్తి పడని ఆ గోడ వెనక వైపు నుంచి, టెప్ లేదా టాప్ అనే లాప్రోస్కోపీ పద్ధతిలో వెళ్లమని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. మొదటిది లాప్రోస్కోపీ అయితే రెండోది ముందు నుంచి. ముందు నుంచీ, వెనక నుంచీ రెండూ అయిపోయి కూడా తిరగబెడితే, ఇలాంటివి తరచూ చేసే సర్జన్ దగ్గరికే వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా. ప్రోస్టేట్ ఆపరేషన్ కూడా అయింది. ఇబ్బందా?

జవాబు:
ఇది ఇద్దరు సర్జన్లకీ చెప్పావా? మూత్రనాళం గుండా చేసి ఉంటే పర్వాలేదు. పొట్ట కింద కోసి గానీ, క్యాన్సర్‌కి గ్రంథి మొత్తం గానీ తీసి ఉంటే ఆ వెనక పొర అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు కోత మీదే చేస్తామన్న ఆయన మాటలో న్యాయం ఉంది. లాప్రోస్కోపీకి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. గుండె బలహీనంగా ఉంటే అదీ చూస్తారు.

దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కడం ఉంటే ముందే వైద్యం చేయించు. బీడీ, సిగరెట్ అలవాటుంటే మాన్పించు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు.

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం నోట్స్ కోసం ఆగొద్దు. ఆ రాత్రే గాంధీకో ఉస్మానియాకో, దగ్గర్లో సర్జన్ ఉన్న ఏ ఎమర్జెన్సీకో తీసుకెళ్లిపో.