ఒకే ఆర్డరు రెండు ప్యాకెట్లుగా వచ్చింది. డబ్బు కట్టకముందే స్టాక్ ఎట్ల చూసుకోవాలి?

తిరుచానూరు_రోడ్డు:
చెల్లెలి పెళ్లికి తాంబూలం సంచుల్లో పెట్టడానికి స్టీలు కుంకుమ భరిణెలు 120 ఆర్డరు పెట్టాను. పేజీలో స్టాక్ ఉందనే చూపించింది. డబ్బు కట్టాక మెసేజి వచ్చింది, 72 ఒక ప్యాకెట్టు, 48 ఇంకో ప్యాకెట్టు అని. మొదటిది నాలుగో రోజుకే చేరింది. రెండోది ముహూర్తం అయిపోయిన రెండు రోజులకు వచ్చింది. పైగా అందులో మూతల మీది పువ్వు వేరు. పెళ్లి ముందు రోజు మా మామ గాంధీ రోడ్డులో అంగడంగడీ తిరిగి తక్కువైనవి తెచ్చాడు. ఆ ఎండలో ఆయన తిరగడం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. వచ్చే నెల అన్నావాళ్ల గృహప్రవేశం. ఈసారి ఇట్ల కాకుండా మీరంతా ఏం చేస్తారో చెప్పండి.

చిత్తూరు_తోతాపురి:
అక్కా, నేనైతే కార్ట్‌లో సంఖ్య పెంచి చూస్తా. నీకు 120 కావాలంటే 150 కొట్టి చూడు. అంత సరుకు లేకుంటే యాడో ఒకచోట ఆగిపోతాది, ఇన్నే ఉండాయని చెప్తాది. పిన్‌కోడ్ మాత్రం ముందే మార్చుకో. నేనొకసారి బెంగళూరులో తమ్ముడి రూము పిన్ పెట్టి ఉండేది మర్చిపోయి, రేపే వస్తాదని చూసి కట్టేసినా. 517001 పెడితే ఆరు రోజులు చూపించింది.

కొర్లగుంట:
పైన చెప్పింది మంచి పద్ధతే, కానీ ఒక సంగతి. ఆ ఆగడం ప్రతిసారీ స్టాక్ వల్లే కాదు. ఒకరికి ఇన్నే అని అమ్మేవాళ్లు పెట్టుకునే హద్దు కూడా ఉంటుంది. 5 దగ్గరో 10 దగ్గరో ఆగితే చాలావరకు అది హద్దే. 37 లాంటి అంకె దగ్గర ఆగితే ఉన్న సరుకు అంతేనని నేను లెక్కేసుకుంటాను.

రేణిగుంట_పార్సిల్:
కొరియర్ హబ్‌లో సార్టింగ్ పని చేస్తాను, నాకు తెలిసింది చెప్తా. పేజీలో ‘స్టాక్ ఉంది’ అంటే అన్నీ ఒకేచోట ఉన్నాయని కాదు. రెండు మూడు గోడౌన్లలో ఉన్నది కలిపి చూపించవచ్చు. విదేశీ పెట్టుబడి ఉన్న పెద్ద మార్కెట్‌ప్లేస్‌లు మన నిబంధనల ప్రకారం సొంత సరుకు అమ్మకూడదు, అమ్మేవాళ్లు వేరేగా ఉంటారు. ఒకే కార్ట్‌లో నాలుగు వస్తువులు నలుగురివి కావచ్చు. నాలుగు బిల్లులు, నాలుగు డబ్బాలు.

మన తిరుపతి సంగతి చూడండి. ఇటు చెన్నై సుమారు 150 కిలోమీటర్లు, అటు బెంగళూరు 250. రెండువైపుల నుంచీ సరుకు వస్తుంది. మీ రెండు బిల్లులూ తీసి అమ్మినవాళ్ల జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి. 33 తమిళనాడు, 29 కర్ణాటక, 36 తెలంగాణ, 37 మన ఆంధ్ర. ఆ నంబరు రాష్ట్రానికొకటి ఉంటుంది కాబట్టి రెండు రాష్ట్రాల నుంచి కదిలిన సరుకుకు రెండు బిల్లులు అవుతాయి.

ముందే పట్టుకోవాలంటే డబ్బు కట్టే ముందు వచ్చే ఆఖరి పేజీలో ఆగండి. సరుకు కింద రాసిన తేదీ ఒకటేనా, అమ్మేవాళ్ల పేరు ఒకటేనా చూడండి. రెండు తేదీలు కనబడ్డాయంటే రెండు ప్యాకెట్లని దాదాపు ఖాయం. సంఖ్య ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోతే తేదీ ఎక్కడ ఒకటవుతుందో తెలుస్తుంది.

మదనపల్లె_టమాటా:
నా కథ వేరు. డ్రిప్పు సామాను చిన్న కంపెనీ సొంత సైటులో తెప్పించినా. లేటరల్ పైపు చుట్టలు, ఫిల్టరు ముందు వచ్చేసినాయి. గ్రోమెట్లు, టేకాఫ్‌లు ‘తర్వాత పంపుతాము’ అన్నారు. ఆ చిన్న రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు లేకపోతే పైపు తగిలించేదానికే లేదు. నర్సరీలో నారు ముదిరిపోయింది, సగం పారబోసినా. పైపు ఖరీదు కంటే ఆ నారు పోయిందే నాకు ఎక్కువ నొప్పి.

ఇప్పుడు చిన్న సైట్లయితే ముందు ఫోన్ చేస్తా. “ఈ నాలుగూ మీ గోడౌన్‌లో చేతికి అందేటట్టు ఉండాయా, ఒకే డబ్బాలో పెడతారా” అని అడుగుతా. వాట్సాప్‌లో రాసి పంపమంటా. సైటులో అంకె సాయంత్రానికి గానీ మార్చనివాళ్లు ఉంటారు, అంగట్లో అమ్ముడుపోయింది అందులో కనపడదు.

యూనివర్సిటీ_హాస్టల్:
నాకు విడివిడిగా రావడమే మేలైన సందర్భాలు ఉన్నాయి. పరీక్ష పుస్తకాలు ఆరు పెట్టినప్పుడు ‘అన్నీ కలిపి పంపండి’ అని ఎంచుకున్నా. ఒక్క పుస్తకం ఆలస్యమైనందుకు మిగతా అయిదూ దానికోసం కూర్చున్నాయి. అప్పటి నుంచి తేదీ దూరంగా ఉన్నదాన్ని నేనే వేరే ఆర్డరుగా పెడుతున్నా. డెలివరీ చార్జి ఒకసారి ఎక్కువ పడినా ఫర్వాలేదు.

కొర్లగుంట:
ఇంకొకటి మరిచాను. కార్ట్‌లో వేసినంత మాత్రాన సరుకు మన పేరు మీద ఆగదు. రాత్రి వేసి పొద్దున కడదామంటే ఆలోపు ఇంకొకరు తీసుకుంటారు. కట్టే నిమిషంలో మళ్లీ చూడాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్లే ఉండి క్యాష్ ఆన్ డెలివరీ పెడితే, ప్యాకెట్టుకు ప్యాకెట్టుకు వేరేగా డబ్బు అడుగుతారని ముందే చెప్పి పెట్టండి. మా అమ్మ రెండోసారి వచ్చిన అబ్బాయిని మోసగాడనుకుని పంపించేసింది, పాపం.

కలెక్టరేట్_వీధి:
తిరుచానూరు రోడ్డు గారూ, ఆ 48 మీ దగ్గరే ఉన్నాయా? వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు వస్తే వెనక్కి తీసుకోము, డబ్బు ఇవ్వము అని అమ్మేవాళ్లు అనకూడదు. వరదల్లాంటివి వస్తే తప్ప. వచ్చిన సరుకు పేజీలో చూపించినట్టు లేకపోయినా అంతే. ఆర్డరు రోజు చూపించిన తేదీ స్క్రీన్‌షాట్ ఉంటే పెట్టి అడగండి. వినకపోతే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

తిరుచానూరు_రోడ్డు:
అందరికీ దండాలు. బిల్లులు తీసి చూశాను, ఒకటి 33, ఒకటి 29! ఆ 48 వెనక్కి పంపేశాము, అడిగితే మొదట కాదన్నారు, ఆర్డరు మెసేజిలో ఉన్న తేదీ చూపించాక ఒప్పుకున్నారు.

గృహప్రవేశానికి 100 కావాలి. 517501 పెట్టి ఆఖరి పేజీ దాకా పోయి చూస్తే 100కు రెండు తేదీలు. తగ్గించుకుంటూ వచ్చాను, 64 దగ్గర ఒకే తేదీ అయింది. 60 అక్కడ పెట్టి, మిగతా 40కి గాంధీ రోడ్డులో వేరే రకం గిన్నెలు చెప్పాము, అవి దగ్గరి చుట్టాలకు. ఈ పొద్దున డబ్బా వచ్చింది, ఒక్కటే. అమ్మా నేనూ కూర్చుని లెక్కపెట్టాము, 60 ఉన్నాయి, మూతలన్నీ ఒకే పువ్వు.