సెరెంగెటి మీదుగా తారు రోడ్డు: ఆపడం న్యాయమేనా?

అరూషా_నివాసి
టాంజానియాలోని అరూషాలో ఆరేళ్లుగా అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్నాను. మొన్న ఆగస్టులో పని మీద విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ముసోమాకి బస్సులో వెళ్లాను. దారి సెరెంగెటి నేషనల్ పార్కు మధ్యలోంచే. కంకర రోడ్డు, బట్టలుతికే బండలా గరుకులు గరుకులుగా ఉంటుంది. కిటికీ మూసినా దుమ్ము ఆగదు. నా పక్క సీటాయన ముగుము ఊరికి కుట్టుమిషన్ తీసుకెళ్తున్నాడు. పైన కడితే పాడవుతుందని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు, రోజంతా!

2010లో ఇక్కడి ప్రభుత్వం పార్కు ఉత్తర భాగం మీదుగా అరూషా–ముసోమా హైవే వేస్తామంది. పార్కు లోపల పడేది 53 కిలోమీటర్లే. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. కెన్యాకి చెందిన ఒక జంతు సంక్షేమ సంస్థ కేసు వేస్తే, 2014లో తూర్పు ఆఫ్రికా కోర్టు అక్కడ తారు వేయకూడదని తీర్పిచ్చింది. తమ దేశాల్లో అడుగడుగునా హైవేలు వేసుకున్నవాళ్లు, టీవీలో చూసే వైల్డ్‌బీస్ట్‌ల (మందలుగా వలసపోయే, ఆవులాంటి అడవి జంతువులు) కోసం ఇక్కడివాళ్లని దుమ్ములో ఉండమనడం న్యాయమేనా? నాకైతే కాదనిపిస్తోంది. మీరేమంటారు?

గడ్డిపరక
53 కిలోమీటర్లే అన్నారు. అవి ఎక్కడ పడుతున్నాయో కూడా చూడండి.

ఈ వైల్డ్‌బీస్ట్ మందలు ఏడాదంతా గడ్డి వెంట తిరుగుతాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన, ఎన్‌డుటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. అక్కడి నేల న్గొరొంగొరో కొండల వైపు అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది. గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, పాలిచ్చే తల్లికి కావాల్సింది అదే. లక్షల దూడలు రెండు మూడు వారాల తేడాలో పుట్టేస్తాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి తల్లి వెంట పరుగు! ఇంత మంచి గడ్డి వదిలి ఎందుకు వెళ్తాయంటే, వానలు ఆగితే అక్కడ తాగడానికి చుక్క నీరు దొరకదు. అందుకే పడమటికి, గ్రుమెటి నది మీదుగా ఉత్తరానికి. జులై నుంచి అక్టోబర్ దాకా వాటికి దిక్కు మారా నదే. అది ఎండిపోదు.

మీ హైవే అడ్డం పడేది ఆ వానల్లేని నెలల మేత మీదే. పైగా వీటికి ఫలానా దారి అంటూ ఏమీ లేదు, వాన ఎటు పడితే అటు. కింద నుంచి సొరంగం కట్టిద్దామన్నా ఎక్కడ కడతారు? రోడ్డు పడితే 13 లక్షల మంద 3 లక్షల లోపుకి పడిపోతుందని 2010లోనే 27 మంది శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

అరూషా_నివాసి
ఆ లెక్క నేనూ చదివానండీ. మరుసటి ఏడాదే ఇంకో బృందం కంప్యూటర్ లెక్క వేస్తే మూడో వంతు తగ్గుతాయని తేలింది. అది కూడా రోడ్డు దాటడం పూర్తిగా ఆగిపోతుందన్న ఊహ మీద. మారా నదిలో ఏటా సగటున ఆరు వేలకు పైగా మునిగి చస్తున్నా దూకడం మానని జంతువులు తారు చూసి ఆగిపోతాయా?

మన్ననూరు_గేటు
మన శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపేయట్లేదా? నల్లమలలో పులులూ ఉన్నాయి, బస్సులూ నడుస్తున్నాయి. పోయినసారి పది నిమిషాలు లేటై మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తెల్లవార్లూ కార్లో పడుకున్నాం. దోమలు పీక్కుతిన్నాయి, అయినా తిట్టుకోలేదు (మా ఆవిడ తిట్టింది, నన్ను). అక్కడా అలాంటి రూలే పెడితే సరి.

గడ్డిపరక
పులి వేరు అన్నా. అది రాత్రి ఒక్కటే దాటుతుంది. ఇవి పట్టపగలు వేలకు వేలు బారులు తీరి వస్తాయి. రాత్రి గేటు వేసి ఏం లాభం?

పశువుల_డాక్టర్
రిటైరైన వెటర్నరీ డాక్టర్ని. ఇద్దరూ రోడ్డు గురించే కొట్లాడుకుంటున్నారు. వలసల్ని చంపింది ఎక్కువగా కంచె.

బోట్స్‌వానాలో గాలికుంటు వ్యాధి అడవి జంతువుల నుంచి పశువులకి రాకూడదని 1958లో కుకే కంచె కట్టారు. గాలికుంటు ఉంటే యూరప్ వాళ్లు మాంసం కొనరు మరి. తర్వాత కరువు వచ్చినప్పుడు నీళ్ల కోసం బయల్దేరిన వైల్డ్‌బీస్ట్‌లు ఆ తీగల దగ్గర వేలల్లో కూలిపోయాయి.

ఇంకో సంగతి. 13 లక్షలనేది అనాదిగా ఉన్న లెక్క కాదు. 1961లో సెరెంగెటిలో ఉన్నవి రెండున్నర లక్షలే. కారణం ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్, పశువుల ప్లేగు). 1880ల చివర్లో ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువులతో ఆఫ్రికాలో దిగిందంటారు, ఆ పశువులు మన దేశం నుంచే వెళ్లాయనీ అంటారు. చుట్టుపక్కల ఆవులకి టీకాలు వేశాక అడవి మందలోనూ రోగం పోయింది. 1977 కల్లా 13 లక్షలు! ఒక్క వైల్డ్‌బీస్ట్‌కీ సూది వేయలేదు. మా వృత్తిలో ఇంతకంటే గొప్ప కథ నాకు తెలియదు.

అరూషా_నివాసి
అంటే దెబ్బ తగిలినా మళ్లీ కోలుకుంటాయనేగా డాక్టర్ గారూ?

పశువుల_డాక్టర్
అడ్డం తీసేస్తే కోలుకుంటాయి. బోట్స్‌వానాలోనే ఒకవంగో నుంచి మక్గడిక్గడి ఉప్పు మైదానాలకి వెళ్లే జీబ్రాల దారిలో 1968లో కంచె పడింది, 2004లో తీసేశారు. కొన్నేళ్లకే జీబ్రాలు మళ్లీ ఆ దారి పట్టాయి. 36 ఏళ్లంటే జీబ్రా ఆయుష్షు కంటే ఎక్కువ, దారి చూపించే ముసలిది ఒక్కటీ మిగిలి ఉండదు. కంచె కాబట్టి పీకారు. హైవేని ఎవరు పీకుతారు?

గడ్డిపరక
కెన్యా వైపు లోయిటా మైదానాల నుంచి మసాయి మారా అభయారణ్యానికి వచ్చే వైల్డ్‌బీస్ట్ మంద వేరే ఉంది. 1977లో సుమారు 1,19,000. ఇరవై ఏళ్లకి 22,000. అక్కడ అడ్డంగా హైవే వేయలేదు. గోధుమ పొలాలు వచ్చాయి, భూమి ముక్కలైంది.

గొర్లమంద
ఇంతసేపు మాట్లాడినరు, అక్కడ ఆవులు మేపుకునే మసాయిల పేరు ఒక్కరూ ఎత్తలే. 1959లో సెరెంగెటి నుంచి వాళ్లను పంపించి న్గొరొంగొరో వైపు చోటిచ్చిన్రు. 2022లో పార్కుకు తూర్పున ఉన్న లొలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమికి హద్దురాళ్లు పాతితే గొడవలైనయి. జంతువులకు దారి కావాల్నంటరు, ఆవులు తోలుకునేటోనికి వద్దా?

మాది పాలమూరు. మా నాయిన ఏటా ఎండకాలం గొర్లు తోలుకొని నల్లమల దిక్కు పోయేటోడు. చిన్నప్పుడు నేనూ పోయిన. రోడ్డు దాటించుడు పెద్ద పని కాదు. ఒకరు తువ్వాల ఊపుకుంట నడిమిట్ల నిలబడాలె, ముందు పొట్టేలును దాటిస్తే మిగిలినయి దాని ఎంబడే వస్తయి. మూడు నిమిషాలు. లారోళ్లు హారన్ కొడ్తరు, కొట్టనీ. మా తొవ్వ బందైంది రోడ్డుతోని కాదు. రోడ్డు పడ్డంక పక్కపొంటి ప్లాట్లు చేసి కడీలు పాతిన్రు, ముండ్ల తీగ గుంజిన్రు. నిరుడు మేసిన చెల్క ఈ ఏడు వెంచర్. ఇప్పుడు గొర్లను డీసీఎంల ఎక్కించి పంపుతున్నం. వైల్డ్‌బీస్ట్‌ను డీసీఎం ఎక్కిస్తరా?

అరూషా_నివాసి
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు అన్నా. పార్కు లోపల ప్లాట్లు వేయరు గానీ, పార్కు అంచున పడతాయి. మందలు ఆ అంచు కూడా దాటి తిరుగుతాయి.

గడ్డిపరక
ఇంకోటి ఆలోచించండి. లొలియోండో వాళ్లకి కావాల్సింది అరూషాకి రోడ్డు. అది తూర్పున. ముగుము వాళ్లకి ముసోమాకి రోడ్డు. అది పడమట. రెండు వైపులా పార్కు గేటు దాకా తారు వేస్తే ఎవరి ఆసుపత్రికి వాళ్లు వెళ్లొచ్చు. ఆ మధ్య 53 కిలోమీటర్లూ కావాల్సింది విక్టోరియా సరస్సు నుంచి సరుకు తెచ్చే లారీలకి. వాటికి దక్షిణం నుంచి చుట్టు దారి ఉంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది, అంతే. ఆ ముక్క కంకరగానే ఉంచుతామని 2011లో ప్రభుత్వమే యునెస్కోకి రాసిచ్చింది కదా.

అరూషా_నివాసి
లారీల మాట ఒప్పుకుంటాను. గేటు దాకా తారు, లోపల కంకర, నాకు సమ్మతమే. కానీ ఆ కుట్టుమిషన్ ఆయన లారీ కాదండీ. అరూషాలో కొని ముగుముకి మోసుకెళ్తున్నాడు. పార్కులోంచి పోతున్నందుకు టికెట్ మీద ఫీజు కూడా కట్టాడు. కనీసం ఆ ఫీజైనా తీసేయమని ఎవరూ అడగరేం?

మన్ననూరు_గేటు
ఇంతకీ బస్సులోంచి వైల్డ్‌బీస్ట్‌లు కనిపించాయా?

అరూషా_నివాసి
ఒక్కటీ లేదు. ఆగస్టులో అన్నీ ఉత్తరాన ఉంటాయి, ఆ రోడ్డు వేస్తామన్న చోటే. నాకు కనిపించినవి నాలుగు జిరాఫీలు, టైరు మారుస్తున్న ఇంకో బస్సు.