పల్లెకి కావాల్సింది కౌన్సెలరా, కౌలు కార్డా?

నల్లరేగడి:
మా పక్క మండలంలో మొన్న మానసిక ఆరోగ్య శిబిరం పెట్టారు. షామియానా, ఫ్లెక్సీ, మజ్జిగ ప్యాకెట్లు. వచ్చినాయన "ఒత్తిడిని జయించడం ఎలా" అని గంటసేపు మాట్లాడారు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది మిర్చి కౌలుకి చేసినవాళ్లు. కౌలు ముందే కట్టాలి. అది వడ్డీకి తెచ్చి కట్టారు. 2021లో నల్ల తామర పురుగు తోటలు ఎత్తేసింది. 2025లో ధర పడిపోయి, చివరికి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటివాళ్లకి ఊపిరి బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టమని నేర్పి వెళ్లారు. నా ప్రశ్న ఇది. మనసు చెడింది అప్పు వల్ల అని తెలిసినప్పుడు మనసుకి వైద్యం దేనికి? ముందు కౌలు రైతులందరికీ కార్డులు ఇప్పించండి. పొలం చేసేది వాళ్లేనని ఆధారం ఉంటే బ్యాంకు రుణం వస్తుంది, నిద్ర దానంతటదే వస్తుంది.

టెక్సాస్ తెలుగోడు:
ప్రతిదానికీ అప్పు అంటే ఎలా అన్నా? అప్పు లేనివాడెవడు? నాకు ఇక్కడ ఇంటి అప్పే మూడు లక్షల డాలర్లుంది. మా తాత 1977 ఉప్పెన చూశాడు. గొడ్డూ గోదా పోయాయి. చుట్ట ముట్టించుకుని మళ్లీ నాగలి పట్టాడు. ఇప్పటివాళ్లలో ఆ తట్టుకునే శక్తి తగ్గింది. అది పెరగాలంటే మాట్లాడేవాళ్లు కావాలి. మా ఊళ్లో ఇలాంటి శిబిరానికే మేం నలుగురం కలిసి డబ్బు పంపాం. మజ్జిగ ప్యాకెట్లని వెటకారం చేయడం తేలిక.

గోదారి గట్టు:
మీకు అప్పిచ్చినవాడు పొద్దున్నే మీ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చోడు బావా. తేడా అక్కడుంది.

చందు_ఆటోనగర్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేయడానికి 14416 అని నంబరు ఉందట కదా. దానికి చేస్తే తెలుగులో మాట్లాడతారా?

వానచినుకు:
నేను సైకాలజిస్టుని. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద వారానికో పీహెచ్‌సీకి వెళ్తాను. ఈ కార్యక్రమం దేశంలో మొదలైంది 1996లో. నాకు గది మాత్రం ఇంకా దొరకలేదు, టీకాల ఫ్రిజ్ పక్కన కుర్చీ వేశారు. అక్కడికి "మనసు బాగోలేదు" అంటూ ఎవరూ రారు. తలనొప్పి, గుండె దడ, అరికాళ్ల మంటలు, నిద్ర లేదు. ఏళ్ల తరబడి బీకాంప్లెక్స్ మింగి మింగి, ఏదీ పని చేయక నా దాకా వస్తారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని 2015-16 జాతీయ సర్వేలో తేలింది. నల్లరేగడి గారు ఆ మిగిలిన పదిహేను మందికి మాత్రం ఎందుకంటున్నారు.

మాటలతో ఏమవుతుందనేవాళ్లకి ఒక సంగతి. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవాళ్లతో కొన్ని వారాలు మాట్లాడించారు. మూడు నెలలకి చూస్తే వాళ్లలో 64 శాతం మంది తేరుకున్నారు. ఈ సాయం అందనివాళ్లలో 39 శాతమే. అక్కడ ఎవరి అప్పూ ఎవరూ తీర్చలేదు.

నల్లరేగడి:
మేడమ్, మీ మీద నాకు కోపం లేదు. మీరు గోవా చెప్పారు, నేను ఇండోనేషియా చెప్తాను. అక్కడ ప్రభుత్వం పేద కుటుంబాలకి నేరుగా డబ్బు ఇచ్చింది. ఇచ్చిన చోట ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఆ పథకం పెట్టింది ఆత్మహత్యలు ఆపడానికి కూడా కాదు. ఇంట్లో నాలుగు రూపాయలుంటే చాలు, అంతే.

టెక్సాస్ తెలుగోడు:
18 శాతం. మరి మిగతా 82 మాటేమిటి? డబ్బే కారణమైతే డబ్బిచ్చాక సున్నా అవ్వాలిగా?

గోదారి గట్టు:
జ్వరం మాత్ర వేస్తే కాలి విరుపు ఎందుకు అతకలేదు అన్నట్టుంది.

టెక్సాస్ తెలుగోడు:
సామెతలు వద్దు. 82కి జవాబు చెప్పండి.

వానచినుకు:
82 గొడవ వదిలేయండి. నా దగ్గర జరిగింది చెప్తాను. ఒకామెకి డాక్టరు గారితో మాత్రలు రాయించాను. రెండు వారాలకే మానేసింది. ఎందుకమ్మా అంటే, "మత్తుగా ఉంటంది, తెల్లారగట్ల ఆటో ఎల్లిపోతంది" అంది. కాయ కోతకి పోయే ముఠా ఆటో అయిదింటికల్లా రచ్చబండ దగ్గర ఆగుతుంది. అది తప్పితే ఆ రోజు కూలి లేనట్టే. రెండుసార్లు తప్పితే మేస్త్రి ఆమె బదులు ఇంకొకరిని ఎక్కించుకుంటాడు. మోతాదు తగ్గించి, రాత్రి తొమ్మిదికి బదులు ఏడింటికే వేసుకోమని చెప్పించాను. ఇప్పుడు వేసుకుంటోంది, ఆటో కూడా అందుతోంది. దీన్ని మీరిద్దరూ ఏ ఖాతాలో రాస్తారో రాసుకోండి.

నల్లరేగడి:
చూశారా, మీరే ఒప్పుకున్నారు. కూలి ఒక్క రోజు పోయినా ఫర్వాలేని స్థితి ఉంటే ఆ మాత్ర మొదటి రోజు నుంచే పని చేసేది.

వానచినుకు:
నేనేమీ ఒప్పుకోలేదు. మాత్రే లేకపోతే ఆమె ఆటో దాకా కూడా వచ్చేది కాదు.

మెట్టపొలం:
కౌలు, కార్డు సరే. కూలీల మాట ఎవరూ ఎత్తరేం? 2022 ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) లెక్కలో వ్యవసాయం చేసుకునేవాళ్లు 11,290 మంది ప్రాణాలు తీసుకున్నారు. అందులో సాగుదారులు 5,207, కూలీలు 6,083. కార్డు ఇచ్చినా కూలీకి ఒరిగేదేంటి?

నల్లరేగడి:
ఆ 6,083లో కాగితం లేని కౌలుదారులు ఎంతమంది ఉన్నారో ఎవరు చూశారు? పాస్‌బుక్ లేనివాణ్ణి స్టేషన్లో కూలీ అని రాయడం నేను కళ్లారా చూశాను. తెలంగాణలో 2018లో పెట్టుబడి సాయంగా రైతుబంధు వచ్చింది, రైతుబీమా వచ్చింది. అయిదు లక్షల బీమా. రెండూ పట్టా ఉన్నవాళ్లకే. దున్నినవాడు పోతే ఏమీ లేదు, దున్నని యజమాని పోతే అయిదు లక్షలు. అందుకే నేను కార్డు అని మొత్తుకునేది.

టెక్సాస్ తెలుగోడు:
కార్డు కార్డు అంటారు. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఎందుకు పెట్టాలి? పెట్టాక రేపు పొలం నాది అంటే?

నల్లరేగడి:
ఒప్పందం 11 నెలలకే. యజమాని హక్కుకి భంగం రాదని ఆ చట్టంలోనే ఉంది. చదివారా?

టెక్సాస్ తెలుగోడు:
చట్టంలో చాలా ఉంటాయి.

నల్లరేగడి:
సూటిగా అడుగుతున్నా. నీకు ఊళ్లో పొలం ఉంది కదా, కౌలుకిచ్చావు కదా. సంతకం పెట్టావా?

టెక్సాస్ తెలుగోడు:
నువ్వు అనకండి.

నల్లరేగడి:
సరే, మీరు. పెట్టారా?

పర్యవేక్షకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇళ్ల సంగతులు, పొలాల సంగతులు ఇక్కడ అడగడం మన నియమాలకి విరుద్ధం.

టెక్సాస్ తెలుగోడు:
అడగనివ్వండి, చెప్తాను. పెట్టలేదు. పెట్టను కూడా. మా పెదనాన్న రెండెకరాలు కౌలుకిచ్చాడు. కౌలుకి తీసుకున్నవాళ్లు 1956 కౌలు చట్టం అడ్డం పెట్టుకుని ఆరేళ్లకి తక్కువ కౌలు చెల్లదన్నారు, ఖాళీ చేసేది లేదన్నారు. కేసు పదకొండేళ్లు నడిచింది. ప్రతి వాయిదాకీ ముందు రాత్రి ఆయన నిద్రపోయేవాడు కాదు, వసారాలో అటూ ఇటూ తిరుగుతుండేవాడు. ఆయన చెప్పుల చప్పుడుకి మాకూ నిద్ర ఉండేది కాదు. చివరికి నిద్రమాత్ర లేకుండా పడుకోలేని స్థితికొచ్చాడు. ఆయనదీ మనసే కదా. దానికి సామాజిక కారణం ఎవరో మీరే చెప్పండి. పైగా ఆ పొలం మీద నాన్న పేరున పంట రుణం ఉంది. నేను సంతకం పెట్టినా అదే పొలం మీద బ్యాంకు ఇంకో రుణం ఇవ్వదు. మరి ఎవరికి లాభం?

గోదారి గట్టు:
ఇప్పటికి తెలిసింది శిబిరానికి చందా ఎందుకిచ్చారో.

టెక్సాస్ తెలుగోడు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మంచి ఉద్దేశంతో ఇచ్చాను.

పత్తిచేను:
మూడు రోజులుగా చదువుతున్నాను, రాయకూడదనే అనుకున్నాను. మా నాన్న కౌలు రైతు. మూడేళ్ల క్రితం పోయారు. రైతు ఆత్మహత్యలని విచారించే త్రిసభ్య కమిటీ వచ్చింది, ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ ఏడీ. కౌలు కాగితం అడిగారు, లేదు. యజమానిని అడిగితే, నేను ఎవరికీ కౌలుకివ్వలేదు, నేనే చేసుకుంటున్నాను అన్నాడు. మా నాన్న ఆ చేలో కట్టిన మంచె ఇంకా అలాగే ఉంది. ఏడు లక్షల పరిహారం ఫైలు మూసేశారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన అమ్మని "తాగేవాడా?" అని అడిగాడు.

నల్లరేగడి గారూ, మీలాంటివాళ్లు కూడా వచ్చారు. అమ్మని, నాన్న ఫొటోని నిలబెట్టి ఫ్లెక్సీ వేశారు. ధర్నా అయ్యాక మళ్లీ ఎవరూ రాలేదు. వానచినుకు గారూ, పదకొండో రోజున ఒక మేడమ్ వచ్చి కరపత్రం ఇచ్చి వెళ్లారు. అమ్మకి చదువు రాదు. ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి తలుపు గొళ్లెం పడిందో లేదో చూసుకుంటుంది. ఎవరైనా వస్తారేమో అంటుంది. అప్పులవాళ్లు రావడం మానేసి ఏడాదిన్నరైంది.

టెక్సాస్ గారూ, మీ పెదనాన్న గారి సంగతి చదివి బాధ అనిపించింది. అబద్ధం చెప్పడం లేదు.

వానచినుకు:
కరపత్రం ఇచ్చింది నేను కాకపోవచ్చు. కానీ నేనూ అలాంటివి ఇచ్చాను. అమ్మగారి విషయం నాకు విడిగా రాయండి, ఇక్కడ వద్దు.

నల్లరేగడి:
ఫ్లెక్సీ మాట నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

మెట్టపొలం:
వికారాబాద్ జిల్లాలో 2017లో కిసాన్ మిత్ర అని రైతుల హెల్ప్‌లైన్ పెట్టారు. అందులో నాకు నచ్చింది ఒకటే. దిగులుగా ఉందని ఫోన్ చేస్తే అసలు చిక్కు ఎక్కడుందో అడిగేవారు. పాస్‌బుక్కా, బ్యాంకా, కరెంటా. తర్వాత మనిషి ఊరికి వచ్చి, రైతు వెంట ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. అతన్ని కౌన్సెలర్ అనాలో పైరవీకారుడు అనాలో నాకు తెలియదు.

టెక్సాస్ తెలుగోడు:
నేను అడిగిన 82కి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మీ అందరి పట్టూ ఒకటే, తప్పు మాదని ఒప్పించడం.

నల్లరేగడి:
అవును, పట్టు అదే. మీ ఒక్కరిదని కాదు. శిబిరంలో ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. వడ్డీ ఎవరు వేశారు, సంతకం ఎవరు పెట్టలేదు, బ్యాంకు ఎందుకు తిప్పి పంపింది, ఏదీ అడగరు. రైతు గుండె గట్టిగా లేదంటే సరిపోతుంది. అందుకే శిబిరాలకి చందాలు వస్తాయి, కార్డులకి సంతకాలు రావు. నాకు కౌన్సెలింగ్ మీద కోపం లేదని ఇప్పుడే నాకే అర్థమవుతోంది.

వానచినుకు:
ఈ మాట మొదటి రోజే అని ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. నా కుర్చీ ముందు కూర్చున్న మనిషిని మాత్రం, నీకు ఇలా చేసినవాడెవడో తేలేదాకా ఆగు అనలేను.

టెక్సాస్ తెలుగోడు:
సంతకం సంగతి నాన్నతో మాట్లాడాలి. మాట ఇవ్వడం లేదు.

చందు_ఆటోనగర్:
ఇంకోసారి అడుగుతున్నా. 14416లో తెలుగు ఉంటుందా?

వానచినుకు:
అయ్యో, మొదట్లోనే అడిగారు, చూసుకోలేదు. క్షమించండి. ఉంటుంది. టెలి మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. మీ కోసమా?

చందు_ఆటోనగర్:
మా అన్నయ్య కోసం. మాకు పొలం లేదు, ఆటో ఉంది. ఫైనాన్స్‌వాళ్లు నిన్న తీసుకెళ్లారు. అప్పట్నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు.

వానచినుకు:
ఇప్పుడు పక్కనే ఉన్నారా? ఆయన్ని ఒంటరిగా వదలకండి. మీరే నంబరు కలిపి, ముందు మీరు మాట్లాడండి, తర్వాత ఫోన్ ఆయనకి ఇవ్వండి. అయ్యాక ఇక్కడ ఒక్క ముక్క రాయండి, నేను మెలకువగానే ఉంటాను.

నల్లరేగడి:
చందూ, ఆటో ఏ ఫైనాన్స్‌లో ఉందో, ఎన్ని వాయిదాలు బాకీ ఉన్నాయో నాకు విడిగా పంపు. రేపు పొద్దున్న మాట్లాడదాం.