క్రోమ్ అబూ: చట్టం పెట్టి ఆపాలనుకున్న ఓ ఇంటి కేక

ఐర్లాండ్‌లోని పెద్ద దొరల ఇల్లు లీన్‌స్టర్ డ్యూకులది. వాళ్ల వంశచిహ్నంలో ‘క్రోమ్ అబూ’ అనే పాత యుద్ధకేక ఉంటుంది. ఆ అబూ అరబ్బీ మాటేనా, ఆ కేకను తెలుగులో ఎలా రాయాలి అని ఒకరు అడిగారు. కాదండీ, ఐరిష్ మాట. అరబ్బీలో అబూ అంటే తండ్రి. ఐరిష్ అబూ గెలుపుకు సంబంధించినది. ‘గెలుపు దాకా’ అనే అర్థమున్న ‘గో బువా’ అన్న మాటే నోళ్లలో నలిగి అబూ అయిందని చెబుతారు. మనం ‘జై’ అనే చోట వాళ్లు ‘అబూ’ అంటారు. మనకు జై ముందొస్తుంది, వాళ్లకు అబూ చివరన వస్తుంది, అంతే తేడా.

క్రోమ్ అనేది ఊరి పేరు. లిమెరిక్ ప్రాంతంలో మెయిగ్ నది ఒడ్డున ఉన్న క్రూమ్ అన్నమాట. అక్కడి కోట ఫిట్జెరాల్డులది, అంటే ఈ డ్యూకుల వంశానిది. దీన్ని క్రోమ్ క్రూవా అనే పాత దేవుడికి ముడిపెట్టేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. అదే వంశంలో డెస్మండ్ శాఖ వాళ్ల కేక ‘షానిడ్ అబూ’. షానిడ్ కూడా లిమెరిక్‌లో వాళ్ల కోటే. ఒక శాఖ కోట పేరు పెట్టుకున్నప్పుడు రెండో శాఖకు దేవుడి దగ్గరకు వెళ్లాల్సిన పనేముంది?

అసలు కథ 1494-95లో ఉంది. ఇంగ్లండ్ రాజు ఏడవ హెన్రీ పంపగా వచ్చిన సర్ ఎడ్వర్డ్ పోయినింగ్స్ డ్రాహెడా ఊళ్లో ఐర్లాండ్ పార్లమెంటు నడిపాడు. రాజు ముందుగా ఒప్పుకోనిదే అక్కడ పార్లమెంటు కూడకూడదన్న పేరుమోసిన చట్టం అప్పటిదే. అందరూ దాని గురించే రాస్తారు. నాకు మాత్రం అదే సభ చేసిన ఇంకో చిన్న చట్టం దగ్గరే మనసు ఆగిపోతుంది. ‘క్రోమాబో’, ‘బట్లరాబో’ లాంటి కేకలు ఇకమీదట ఎవరూ వెయ్యకూడదు, పిలిస్తే ఇంగ్లండ్‌ను కాచే సెయింట్ జార్జిని పిలవండి, లేదా ఇంగ్లండ్ రాజు పేరు పిలవండి అని అందులో ఉంది. రెండు ఇళ్ల కేకలను పేరుపెట్టి చట్టంలోకి ఎక్కించారంటే అవి ఎంతమంది నోట ఎంత గట్టిగా మోగి ఉండాలో చూడండి.

‘బట్లరాబో’ను కాస్త విడదీసి చూద్దాం. బట్లర్ అంటే రాజుగారి మద్యం వ్యవహారాలు చూసే ఉద్యోగి. ఆర్మండ్ ఎర్ల్‌ల (ఎర్ల్ అంటే ఓ దొర బిరుదు) పూర్వీకుడికి ఐర్లాండ్‌లో ఆ పదవి దక్కింది, పదవే ఇంటిపేరై స్థిరపడింది. ఆ ఫ్రెంచి పుట్టుక ఉన్న మాటకు ఐరిష్ అబూ తగిలించారు. ఫిట్జెరాల్డ్ సంగతీ ఇంతే. ‘ఫిట్స్’ అంటే నార్మన్ ఫ్రెంచిలో కొడుకు, అంటే ‘గెరాల్డ్ కొడుకు’. 1169లో వేల్స్ నుంచి దిగిన మారిస్ ఫిట్జెరాల్డ్‌తో అక్కడ ఆ వంశం మొదలైంది. తర్వాత చుట్టుపక్కల ఐరిష్ దొరల కుటుంబాలతో పెళ్లిళ్లు, బిడ్డలను ఒకరింట ఒకరు పెంచుకోవడాలు నడిచాయి. మూడు వందల ఏళ్ల తర్వాత ఇంటిపేరు ఫ్రెంచిది, బిరుదు ఇంగ్లీషుది, యుద్ధంలో నోటికొచ్చే కేక ఐరిష్‌ది. వాళ్ల వెంట నడిచే రౌతుల భాష ఐరిష్ కాబట్టి కేక ఐరిష్‌లోనే ఉండాలి. లండన్‌ను భయపెట్టింది అదేనని నా అభిప్రాయం.

‘క్రోమ్ అబూ’కు అప్పటి యజమాని ఫిట్జెరాల్డుల కిల్డేర్ శాఖ పెద్ద, ఎనిమిదవ కిల్డేర్ ఎర్ల్, ఐరిష్‌లో గారోద్ మోర్, అంటే పెద్ద గారోద్. 1487లో హెన్రీకి పోటీగా లాంబర్ట్ సిమ్నెల్ అనే కుర్రాడికి డబ్లిన్‌లో ఇంగ్లండ్ రాజుగా కిరీటం పెట్టించినవాళ్లలో ముఖ్యుడు. పోయినింగ్స్ ఆయన్ని పట్టి లండన్‌కు పంపాడు. తీరా 1496లో హెన్రీయే ఆయన్ని తిరిగి తన ప్రతినిధిగా పంపాల్సి వచ్చింది. ఆ మనిషి లేకుండా అక్కడ పాలన సాగలేదు.

కొడుకు తొమ్మిదవ ఎర్ల్ కాలంలో, 1518లో మొదలుపెట్టిన లెక్కల పుస్తకం ఒకటి ఉంది. ఏ ఐరిష్ దొరకు ఏ గుర్రం ఇచ్చారో అందులో రాసుకున్నారు. గుర్రం పుచ్చుకున్నవాడు ఆ ఇంటి మనిషి అయినట్టే. వాళ్ల మేనూత్ కోటలో ఉన్న పుస్తకాల జాబితా కూడా అందులోనే ఉంది. లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు, ఐరిష్, నాలుగు భాషల పుస్తకాలు ఒకే ఇంట్లో!

ఇక 1534. తొమ్మిదవ ఎర్ల్‌ను లండన్‌కు పిలిపించుకున్నారు. అక్కడ ఆయన్ని చంపేశారని పుకారు పుట్టింది. కొడుకు థామస్‌కు అప్పటికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. జూన్ 11న సుమారు 140 మంది రౌతులతో డబ్లిన్‌లోని సెయింట్ మేరీస్ ఆబీ అనే క్రైస్తవ మఠానికి వెళ్లి, ఇక రాజుకు లోబడనంటూ మంత్రుల ముందు రాజఖడ్గాన్ని వదిలేశాడు. అక్కడి పెద్ద మంత్రి, ఛాన్సలర్ క్రోమర్ వద్దని కన్నీళ్లతో బతిమాలాడు, ఇంగ్లీషులో. డబ్లిన్‌వాడైన రిచర్డ్ స్టానిహర్స్ట్ 1577లో అచ్చైన తన చరిత్రలో ఇక్కడ ఓ ముచ్చట రాశాడు. వెంట వచ్చినవాళ్లకు ఇంగ్లీషు రాక, ఆయన ఏమన్నాడని ఒకరినొకరు అడిగారట. చర్చి ప్రసంగమని కొందరు, తమ దొరను పొగిడే వీరపద్యాలని కొందరు అనుకున్నారట. అంతలో నీలన్ అనే కవి లేచి ఐరిష్‌లో పద్యం ఎత్తుకున్నాడు. పట్టు థామస్ అని పొగిడాడు (రౌతుల శిరస్త్రాణాలకు పట్టు కుచ్చులుండేవి), ఇక్కడే చాలాసేపు నిలబడిపోయావని దెప్పాడు. థామస్ బయల్దేరాడు. ఒకే గదిలో రెండు భాషలు, ఆ యువకుడికి రెండూ వచ్చు. ఎటు వెళ్లాలో ఐరిష్ పద్యం తేల్చింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

తర్వాతదంతా పతనమే. తండ్రి ఆ సెప్టెంబరులో లండన్ టవర్‌లో చనిపోయాడు. 1535 మార్చిలో మేనూత్ కోట కూలింది, లొంగినవాళ్లలో చాలామందిని చంపేశారు. 1537 ఫిబ్రవరి 3న లండన్ దగ్గరి టైబర్న్‌లో థామస్‌తో పాటు అయిదుగురు బాబాయిలకు మరణశిక్ష అమలైంది. వారసుడిగా మిగిలింది పన్నెండేళ్లు కూడా సరిగా నిండని సవతి తమ్ముడు గెరాల్డ్. మేనత్త ఎలియనోర్ వాడిని దాచింది. వాడికి అండ కోసమే ఉత్తరాది దొర మానస్ ఓడోనెల్‌ను పెళ్లాడింది. 1540లో పిల్లవాడు ఓడెక్కి ఫ్రాన్స్ చేరాడు. మేరీ రాణి 1554లో ఎర్ల్ పదవి తిరిగిచ్చింది. లీన్‌స్టర్ డ్యూకులు ఈ కిల్డేర్ ఇంటివాళ్లే, మొదట చెప్పిన చిహ్నం వాళ్లదే.

తెలుగులో ఎలా రాయాలన్న రెండో ప్రశ్నకు: ‘క్రోమ్ అబూ’ అని విడిగా రాయండి. ‘క్రోమ్‌కు జయం’ అని ఒక్కసారి చెబితే చాలు, తర్వాత కేకను కేకలాగే ఉంచండి. చట్టం గురించి రాసేటప్పుడు మాత్రం ‘క్రోమాబో’ అనే ఉంచాలి, ఆ గుమాస్తా చెవికి అలాగే వినపడింది మరి. ‘షానిడ్ అబూ’ మీద ఎవరి దగ్గరైనా పాత పద్యాలుంటే ఇక్కడే పెట్టండి, కలిసి చదువుదాం.