రేడియేషన్ ఆంకాలజీ అంటే మీట నొక్కే ఉద్యోగమా?

నిద్రలేని హౌస్‌సర్జన్:
హౌస్‌సర్జన్సీ ఇంకో నెలలో అయిపోతుంది. పీజీలో రేడియేషన్ ఆంకాలజీ, అంటే రేడియేషన్‌తో క్యాన్సర్‌కి వైద్యం చేసే బ్రాంచ్, తీసుకుందామని ఉంది. మా బ్యాచ్‌వాళ్లది ఒకటే పాట: "మీట నొక్కడానికి డాక్టరెందుకురా?" పైగా నాకు ఫిజిక్స్ అంటే మొదట్నుంచీ దడ. అసలు రోజంతా ఏం చేస్తారు? గీతలు గీసే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాక ఆ పనైనా మిగులుతుందా?

లినాక్ అక్క:
తమ్ముడూ, మీట నొక్కేది టెక్నాలజిస్టులు. నాకది చేతకాదు కూడా. ఈ పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను, నా పనల్లా గీత. ప్లానింగ్ సీటీలో (వైద్యం మొదలుపెట్టే ముందు తీసే స్కాన్) ఒక్కో స్లైస్ మీద కణితి ఎక్కడిదాకా ఉంది, కంటికి కనపడకుండా ఎక్కడిదాకా పాకి ఉండొచ్చు, రోజూ పడుకోబెట్టడంలో వచ్చే తేడాకి ఎంత వదలాలి అని గీసుకుంటూ పోవాలి. జీటీవీ, సీటీవీ, పీటీవీ అంటే ఇవే. గొంతు క్యాన్సర్‌కి మామూలుగా 35 విడతల్లో 70 గ్రే (రేడియేషన్ డోసుకి కొలత) ఇస్తాం. కాస్త వెనకే వెన్నుపాము, దానికి 45 దాటనివ్వం. మన ఉద్యోగమంతా ఆ సందులోనే ఉంది.

పీజీ మొదటి ఏడాదిలో ఒక మెడ కేసు గీసి గర్వంగా చూపించాను. మా మేడమ్ స్క్రీన్ వైపు చూడనే లేదు. "మెడ పట్టుకుని చూశావా?" అన్నారు. చూడలేదు. వెళ్లి చూస్తే ఎడమవైపు చిన్న గడ్డ, వేలికి రాయిలా తగిలింది. స్కాన్‌లో సెంటీమీటర్ కూడా లేదని దాన్ని తక్కువ డోసు భాగంలో వదిలేశాను. ఆ రోజు నుంచి చెయ్యి పెట్టి చూశాకే మౌస్ పట్టుకుంటాను. సాఫ్ట్‌వేర్ పరోటిడ్‌ని (చెవి దగ్గరుండే లాలాజల గ్రంథి) నాకంటే త్వరగా గీస్తుంది, నిజమే. మెడ మాత్రం పట్టుకుని చూడదు కదా.

పేషెంట్లు "కరెంటు పెడతారట కదా" అని వణుకుతూ వస్తారు. షాక్ కొట్టదని, పెట్టేటప్పుడు నొప్పి ఉండదని చెప్పడంతోనే సగం ఓపీ అయిపోతుంది. తలని కదలకుండా బిగించే మాస్క్‌ని నేనూ ఒకసారి వేయించుకున్నాను. రెండు నిమిషాలకే ఊపిరాడనట్టయింది. ఏడు వారాలు వారంవారం అదే మనిషిని చూస్తాం, నోటి పుళ్లు, తగ్గే బరువు, అన్నీ మనవే. ఎముకకి పాకిన నొప్పికైతే చాలాసార్లు 8 గ్రే ఒక్క విడత సరిపోతుంది.

ఫిజిసిస్ట్ బాబాయ్:
దడ అక్కర్లేదు. బ్రాకీథెరపీ (రేడియేషన్ సోర్స్‌ని కణితి లోపలో పక్కనో పెట్టి చేసే వైద్యం) నాలుగు కేసులు చూస్తే, సోర్స్ నుంచి 1 సెంటీమీటర్ దగ్గరి డోసు 2 సెంటీమీటర్లకి వెళ్లేసరికి ఎందుకు దాదాపు పావు వంతవుతుందో అదే తలకెక్కుతుంది. నాదొక్క మనవి: డీవీహెచ్ గ్రాఫ్ బాగుందని సంతకం పెట్టెయ్యకండి. ఎంత భాగానికి ఎంత డోసో అది చెప్తుంది, ఆ ఎక్కువ డోసు ఎక్కడ పడిందో చెప్పదు. స్లైసులన్నీ తిప్పి చూడండి. ఏమీ అడగని డాక్టరంటేనే మాకు భయం.

నిద్రలేని హౌస్‌సర్జన్:
థాంక్స్ మేడమ్, బాబాయ్. ఇంకొక్కటి. తర్వాత సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా?

లినాక్ అక్క:
కష్టం. నాకున్న అసంతృప్తి కూడా అదే. మెషీన్, గోడలు మందంగా కట్టిన బంకర్, బాబాయ్ లాంటి ఫిజిసిస్ట్ ఉన్నచోటికే మనం వెళ్లాలి. మెషీన్ ఆగిపోతే మనమూ ఆగాల్సిందే, పోయిన రోజుల్ని ఎలా పూడ్చాలో లెక్కలు వేసుకుంటూ. అది నీకు పడదనుకుంటే ఇప్పుడే వేరే బ్రాంచ్ చూసుకో. పర్లేదనుకుంటే ఒక వారం ఏదైనా డిపార్ట్‌మెంట్‌లో కూర్చో. మెషీన్ దగ్గర కాదు, వారంవారం రివ్యూ చేసే ఓపీలో.